విందునాటి ఉపవాసం

తోబా సరస్సు ఒడ్డున, హుతాలింతొంగ్ ఊరి పడవల రేవు దగ్గర మనిషికి రెండింతల ఎత్తున మంగిహుత్ బొమ్మ లేచి నిలబడ్డ రోజు, దాన్ని చూసి అందరికంటే ఎక్కువ బెదిరినవాడు మంగిహుతే.

బొమ్మలో అతని పళ్లు తళతళా మెరుస్తున్నాయి. అసలు పళ్లకి ఆ తెలుపు పెళ్లినాడు కూడా లేదు. తల వెనక సూర్యుడు ఉదయిస్తున్నాడు. సంఘ పెద్దలు ఆరాధనకి వేసుకునే నల్లంగీ మీద ఒక్క ముడత లేదు. కింద బారెడేసి అక్షరాలు: “కనబడే సాక్ష్యం. ఇతని జీవితం చూడండి.”

ఆ సంవత్సరం క్రైస్తవ సంఘాల పై కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. విశ్వాసం గుండెల్లో దాచుకుంటే చాలదట, లోకానికి కనబడాలట. అందుకని ప్రతి ఊరి సంఘమూ ఒక ఆదర్శ విశ్వాసిని ఎన్నుకుని నలుగురూ తిరిగే చోట అతని బొమ్మ పెట్టాలి. ఎలా బతికితే విశ్వాసం కనబడుతుందో అందులో రాయలేదు గాని, బోర్డు పొడవూ వెడల్పూ మాత్రం వివరంగా రాశారు.

ఎన్నిక పెద్ద చిక్కే అయింది. బడిపంతులుకి తమ్ముడితో గట్టు తగాదా కోర్టులో ఉంది. పాటల బృందం నడిపే ఆయనకి కోడిపందేలంటే ప్రాణం. కోశాధికారి పేరు వచ్చేసరికి అందరూ ఒక్కసారే దగ్గారు. చివరికి చూపులన్నీ మూల కూర్చున్న మంగిహుత్ మీద వాలాయి. అతను దర్జీ. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు తల వంచుకుని ఉంటాడు. అతను మంచివాడని ఎవరూ అనలేదు. చెడ్డవాడనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

“ఈయన తప్పు చేస్తుంటే చూసినవాళ్లెవరైనా ఉన్నారా?” అని అడిగాడు పాస్టర్ జొంగి. వేదాంత కళాశాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు, ఉత్సాహం పాళ్లు ఎక్కువ.

ఎవరూ పలకలేదు.

“అయితే దేవునికి స్తోత్రం!” అన్నాడు పాస్టర్. తీర్మానం అయిపోయింది.

బోర్డు లేచిన మర్నాడే పక్కవీధి ఇల్లాలు కొట్టు దగ్గరికి వచ్చింది. ఆ ఊళ్లో పెళ్లై పిల్లలున్నవాళ్లని పేరు పెట్టి పిలవరు, పెద్దబిడ్డ పేరుతో పిలుస్తారు. “లస్మా నాన్నా, క్రిస్మస్‌కి నా జాకెట్టు కుట్టావు కదా, గుడ్డ సరిగ్గా సరిపోయిందన్నావు. రేవు దగ్గర నీ బొమ్మ చూశాక అడగాలనిపించింది. నిజంగానే సరిపోయిందా?”

మంగిహుత్‌కి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. సరిపోయిందని నాలుక చివరిదాకా వచ్చింది. కాని కిటికీలోంచి దూరంగా తన పళ్లు తనకే కనబడుతున్నాయి. లేచి, ట్రంకుపెట్టె తెరిచి, మూరెడు ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

అంతే. సాయంత్రానికి కొట్టు ముందు వరస కట్టారు. పాతికేళ్లుగా మిగుల్చుకున్న ముక్కలన్నీ పెట్టెలోంచి బయటికి నడిచాయి. ఇంట్లో కప్పుకునే దుప్పటి కూడా ముక్కల అతుకులదే. ఒకావిడ దాని మధ్యలో తన మామగారి చొక్కా గళ్లు గుర్తుపట్టి వేలు చూపించింది. మంగిహుత్ భార్య తియర్మా ఆ దుప్పటిని చక్కగా మడిచి ఆవిడ చంకలో పెట్టింది.

“తీసుకెళ్లమ్మా. మాకెందుకు దుప్పటి? మా ఆయన కీర్తి కప్పుకుని పడుకుంటాం.”

కల్లు దుకాణంలోనూ అతనికి సుఖం లేదు. కల్లు తాగడం ఆ ఊళ్లో ఎవరూ పాపమనుకోరు. ఆదివారం గుడిలో పాడిన గొంతులే సోమవారం దుకాణంలో అవే పాటలు ఇంకా బాగా పాడతాయి. కాని బోర్డెక్కినవాడు గ్లాసు పట్టుకుంటే చూడ్డానికి బాగుండదేమోనని పెరటిదారిన వెళ్లాడు. దుకాణం నడిపే పొల్తాక్ చేతులు నడుం మీద పెట్టుకుని ఎదురొచ్చాడు.

“దొంగదారిన వస్తున్నావేంటన్నా? ముందువైపు బోర్డులోంచి నువ్వు నన్ను పొద్దున్నుంచీ గుడ్లురిమి చూస్తూనే ఉన్నావు. బోణీ కాలేదు తెలుసా! ఒక పని చెయ్యి. ఇక్కడి నువ్వు కాస్త తాగి, అక్కడి నువ్వుకి నచ్చజెప్పు.”

మంగిహుత్ తాగకుండానే వెనక్కి తిరిగాడు. విసుగొచ్చింది, సిగ్గేసింది. అయితే ఒక విచిత్రం కూడా జరిగింది. ముక్కలు మిగల్చడం మానేశాక, కొలత తీసుకునేటప్పుడు ఎదుటి మనిషి మొహంలోకి చూడగలుగుతున్నానని అతనికే అర్థమైంది. పాతికేళ్లుగా భుజాల కొలతలే తెలిసిన మనుషులకి కళ్లు కూడా ఉన్నాయి. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెబితే పాస్టర్ దాన్ని కూడా బోర్డు మీద రాయిస్తాడని భయం.

అలా సాగిపోయేదే, మధ్యలో బావగారి చేపలు రాకపోతే.

తియర్మా అన్న సహాలకి తోబా సరస్సులో చేపల పంజరాలున్నాయి. వలలతో కట్టిన గదుల్లో వేలకొద్దీ బంగారుతీగ చేపలు పెంచుతాడు. ఆ ఊరి ఆచారంలో పిల్లనిచ్చిన ఇంటివాళ్ల ముందు అల్లుడి తల ఎప్పుడూ వంగే ఉండాలి. వాళ్ల దీవెన ఉంటేనే పంటా, బిడ్డలూ, ఆయుష్షూ. వాళ్ల పరువు తీసినవాడికి దహనం తప్ప అన్ని శిక్షలూ ఉన్నాయి. పైగా సహాల దీవెన ఇచ్చినా, దానం ఇచ్చినా గట్టిగానే ఇస్తాడు. గుడిలో బల్లల మీద, పంకాల మీద, చివరికి చెత్తబుట్ట మీద కూడా అతని పేరే ఉంటుంది.

బోర్డుని ప్రార్థనతో ప్రతిష్ఠించడానికి చుట్టుపక్కల సంఘాలన్నిటికీ పెద్దయిన మండలాధ్యక్షులవారు వస్తున్నారని తెలియగానే సహాల సభలో లేచాడు. “మా బావ బొమ్మకి పండగ! ఊరంతటికీ చేపలు నావి. మావాళ్లే వండి గుండిగలతో తెచ్చి పెడతారు. నా పేరు చెప్పనక్కర్లేదు,” అని, పాస్టర్ రాసుకోవడం పూర్తయ్యేదాకా నిలబడి, అప్పుడు కూర్చున్నాడు.

విందుకి ముందురోజు పొద్దున్నే, సహాలకి కుట్టిన కోటు ఇచ్చి వద్దామని మంగిహుత్ సరస్సు ఒడ్డుకి వెళ్లాడు. దూరం నుంచే వాసన తగిలింది. దగ్గరికి వెళ్లి చూస్తే నీళ్ల మీద తెల్లటి పొట్టలు పరుచుకుని ఉన్నాయి. ఒక పంజరం కాదు, అన్నీ. కూలీలు మూతులకి గుడ్డలు కట్టుకుని, చేపల్ని జల్లెళ్లతో తోడి పడవలో పోస్తున్నారు. ఒడ్డున మూడు పొయ్యిలు, మూడు గుండిగలు. ఒకడు నిమ్మకాయలు పిండుతున్నాడు. ఇంకొకడు అందలిమాన్ మిరియాన్ని బుట్టెడు దంచుతున్నాడు. నాలుక మీద పడితే పావుగంట తిమ్మిరెక్కించే మిరియం అది.

సహాల కోటు తొడుక్కుని చూసుకున్నాడు. “మొన్న గాలి తిరిగింది బావా. అడుగున బురద పైకి లేచింది. పాపం, ఊపిరాడక పోయాయి.”

“మొన్ననా?”

“మొన్న రాత్రో, నిన్న పొద్దున్నో. వాటి జాతకం నేనెక్కడ చూడను?”

“వీటినేనా రేపు…”

“ఏంటా మొహం? చేప చచ్చాకే కదా బావా ఎవడైనా తినేది!”

“కుళ్లిపోయాయి బావా. ఊరంతా తింటుంది. ముసలివాళ్లుంటారు, పిల్లలుంటారు.”

సహాల కోటు బొత్తాలు నిదానంగా పెట్టుకున్నాడు. “ఈ పంజరాల మీద నా ఇల్లు నిలబడింది. నిన్నటితో అది కూడా తేలిపోయింది. రేపు మండలాధ్యక్షుల ముందు చేపల్లేవని చెప్పి నవ్వులపాలవ్వనా? మసాలా పట్టించి మూడు గంటలు ఉడికిస్తే ఏ పురుగూ బతకదు. నువ్వు బోర్డు మీద ఉన్నావు కదా, బోర్డులాగే ఉండు. నవ్వు, మాట్లాడకు.” తర్వాత గొంతు తగ్గించాడు. “మా చెల్లెల్ని నీకిచ్చినవాణ్ని. నీ ఇంటి దీపానికి ఒత్తి వేసినవాణ్ని. గుర్తుంచుకో.”

ఆ పూట మంగిహుత్ కుట్టిన ప్యాంటుకి రెండు కాళ్లూ ఎడమవే అయ్యాయి. పాస్టర్‌తో చెబుదామంటే అది బావగారి పరువు. తియర్మాతో చెబుదామంటే అది ఆవిడ పుట్టిల్లు. చెప్పకపోతే ఊరి కడుపు. కక్కలేక మింగలేక నలిగిన మనిషికి రాత్రి అన్నం దగ్గర ఒక ఉపాయం తట్టింది.

“రేపు మనం ఉపవాసం ఉందాం,” అన్నాడు.

తియర్మా గరిటె ఆపింది. “విందు రోజునా? బోర్డు బుర్రకెక్కిందా ఏంటి నీకు?”

“ప్రార్థనలో అలా అనిపించింది.”

“నువ్వు ప్రార్థనలో నిద్రపోతావని నాకు తెలీదా లస్మా నాన్నా? ఏం జరిగిందో చెప్పు.”

అతను చెప్పలేదు. తెల్లారాక ఏదో ఒకటి దేవుడే చూసుకుంటాడని దేవుడి మీద పడేశాడు. ఇంటిల్లిపాదినీ కాపాడుకుని ఊరిని వదిలేస్తున్నానన్న మాట మనసులో పైకి లేచినప్పుడల్లా దాన్ని కిందికి తొక్కాడు. అదీ చేపలాగే మళ్లీ తేలుతోంది.

మర్నాడు గుడి ఆవరణ కిటకిటలాడింది. మండలాధ్యక్షులవారు వచ్చారు, బోర్డు మీద చెయ్యి పెట్టి దీవించారు, “కనబడటం” అన్న మాట మీద ఎండ నడినెత్తికి వచ్చేదాకా ప్రసంగించారు. అందరి కడుపులూ కాలిపోతున్నాయి. గుండిగల మూతలు తెరిచేసరికి మిరియం ఘాటు, అల్లం ఘాటు, పసుపు పరిమళం ఆవరణంతా కమ్ముకున్నాయి. వాటి కింద ఏముందో కనిపెట్టాలంటే ముందే తెలిసి ఉండాలి.

తొలి పళ్లెం మండలాధ్యక్షులకి, రెండోది ఆదర్శ విశ్వాసికి పెట్టారు. మంగిహుత్ పళ్లెం పక్కకి జరిపి, నేల చూపులు చూస్తూ, “నాకు ఈ రోజు ఉపవాసం,” అన్నాడు.

నెమ్మదిగానే అన్నాడు. కాని పాస్టర్ జొంగి చేతిలో మైకు ఉంది.

“ప్రియులారా, చూడండి! తనకోసం చేసిన విందులోనే ఉపవాసం! కనబడే సాక్ష్యమంటే ఇదే కదా!”

మండలాధ్యక్షులవారి చెయ్యి అప్పటికే చేప తల మీద ఉంది. ఆ మాట వినగానే ఆ చెయ్యి పైకి లేచి, ఆశీర్వదిస్తున్నట్టు గాల్లో కాసేపు ఆగి, ఒళ్లో వాలింది. “నాకు కూడా… ఈ ఉదయం నుంచి… అదే భారం ఉంది,” అన్నారాయన బరువుగా. ఆయన ఉపవాసమంటే ఆయన పక్కవాళ్లు తినగలరా? పెద్దలంతా ఒకరి తర్వాత ఒకరు పళ్లేలు జరిపారు. పెద్దల భార్యలు జరిపారు. పాటల బృందం కాస్త పోరాడింది గాని, వేదిక మీదినుంచి అన్ని కళ్లూ చూస్తుంటే ఎముక కొరికే దమ్ము ఎవరికుంది? ఎవరు ఎక్కువ దూరం జరుపుతారన్న పోటీలో కొన్ని పళ్లేలు కిందపడ్డాయి. సంఘం వండించిన పంది మాంసం, అన్నం, అన్నీ ఆగిపోయాయి.

“కల్లు ఉపవాసంలోకి వస్తుందా, రాదా? ఎవరైనా చెప్పండయ్యా,” అని వెనక వరసలోంచి పొల్తాక్ అరిచాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఆకలి పెరుగుతుంది.

మంగిహుత్‌కి కొండంత బరువు దిగింది. ఎవరూ తినలేదు, ఎవరి పరువూ పోలేదు. ఇంకేం కావాలి? అటు చూస్తే సహాల కళ్లతోనే మెచ్చుకుంటున్నాడు. నిజానికి దేవుడే చూసుకున్నాడని మంగిహుత్ దాదాపు నమ్మాడు.

అప్పుడు మండలాధ్యక్షులవారు మళ్లీ లేచారు. “మన త్యాగం వృథా కాకూడదు. ఈ చేపలన్నీ కొండ అవతల అనాథ పిల్లల ఆశ్రమానికి పంపుదాం. మనం ఆకలితో ఉందాం, వాళ్లు కడుపునిండా తింటారు. ఫోటో తీసేవాళ్లు వ్యాను దగ్గరికి రండి.”

చప్పట్లు మారుమోగాయి. కుర్రాళ్లు గుండిగలకి కర్రలు దూర్చి ఎత్తారు. మొదటి గుండిగ వ్యానులోకి ఎక్కింది. రెండోది ఎక్కుతుంటే మూత పక్కకి జరిగి, పులుసు ఒలికి, వ్యాను కింద పడుకున్న కుక్క ముందు పడింది. కుక్క లేచి వాసన చూసి, అవతలికి నడిచి వెళ్లిపోయింది.

ఆశ్రమం పిల్లల అంగీలు కుట్టేది మంగిహుతే. ఒక్కొక్కరి చాతీ ఎన్ని బెత్తలో అతని చేతికి తెలుసు.

“దింపండి,” అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. లేచి పాస్టర్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. ఆ మనిషి ఎవరి చేతిలోంచైనా ఏదైనా లాక్కోవడం ఊరు చూడటం అదే మొదటిసారి.

“దింపండి వాటిని! ఆ చేపలు బాగాలేవు. పంజరాల్లో చచ్చి, రెండు రోజులు తేలాక తోడినవి. నేను కళ్లారా చూశాను. నాది ఉపవాసం కాదు. భయమేసి అబద్ధం చెప్పాను. నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు. మీరంతా తిని ఉంటే…”

సహాల కొత్త కోటులో నిటారుగా లేచాడు.

“విన్నారా? పిల్లనిచ్చిన ఇంటిని నలుగురిలో ఎలా కడుగుతున్నాడో విన్నారా? ఒరేయ్, ఏ మొహంతో రేపు నా గుమ్మం తొక్కుతావురా? అబద్ధమాడానని వాడే ఒప్పుకున్నాడు కదా. ఇదీ అబద్ధమే!”

మాట సబబుగానే ఉందని కొందరు తలలూపారు. ఒక అబద్ధం ఒప్పుకున్నవాణ్ని ఎలా నమ్మడం? ఒప్పుకోనివాడు నయం కదా.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి తియర్మా లేచింది. గుండిగలోంచి పెద్ద చేపని పళ్లెంలోకి తీసింది. రెండు చేతులతో, పుట్టింటివాళ్లకి ఎంత మర్యాదగా అందించాలో అంత మర్యాదగా, అన్న ముందుకి తీసుకెళ్లి పట్టుకుంది.

“అన్నా, నువ్వు తిను. నువ్వు ఒక్క ముక్క తింటే చాలు, ఈయన్ని ఈ రోజే వదిలేసి నీ గుమ్మంలోకి వచ్చేస్తాను.”

సహాల పళ్లెం వంక చూశాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు. ఊరంతా మెడలు సాచింది.

“నాకూ ఈ రోజు ఉపవాసమే,” అన్నాడు.

ముందు పొల్తాక్ నవ్వాడు. ఆపైన పాటల బృందంలో మగగొంతులు, తర్వాత ఆవరణంతా. పొద్దున్నుంచి కాలిన కడుపులన్నీ కలిసి నవ్వాయి. తియర్మా ఒక్కతే నవ్వలేదు. పళ్లెం కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఏడ్చింది. సహాల ఎవరి వంకా చూడకుండా ఆవరణ దాటి వెళ్లిపోయాడు. గుండిగలు గుడి వెనక గోతిలోకి పోయాయి. పంది మాంసం, అన్నం ఆశ్రమానికి వెళ్లాయి. మండలాధ్యక్షులవారి కారు వాటికంటే ముందే కదిలింది.

మరుసటి వారం పెద్దల సభ కూర్చుంది. ఊరిని విషం నుంచి కాపాడినందుకు అభినందిస్తారేమోనని మంగిహుత్ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

“అన్నయ్యా, మీరు చెప్పింది నిజమే,” అన్నాడు పాస్టర్ జొంగి ఇబ్బందిగా. “కాని మైకులో చెప్పారు. నెమ్మదిగా నా చెవిలో చెబితే బాగుండేది.”

“నెమ్మదిగానే మొదలుపెట్టానయ్యా, ఉపవాసమని. మైకులో చెప్పింది నువ్వే.”

కోశాధికారి దగ్గి, అసలు సంగతి ఎత్తాడు. ఆదర్శ విశ్వాసి ఉపవాసం గురించి అబద్ధమాడాడు. అదీ మండలాధ్యక్షుల ఎదుట. ఆ అబద్ధం వల్ల ఆయనగారు భోజనం మానుకున్నారు. చేపల గురించి సభ ఏమీ అనుకోలేదు. అవి కార్యక్రమ పట్టికలో లేవు. బోర్డు దింపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కోడిపందేల ఆయన చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఈసారి మనిషి జోలికి పోకుండా గొర్రెపిల్ల బొమ్మ వేయించారు. దాని నోరు మూసే ఉంది.

గుడిలోని బల్లల మీద, పంకాల మీద సహాల పేరు అలాగే ఉండిపోయింది.

కొట్టుకి గిరాకీ తగ్గలేదు. కొందరు కొత్తగా ఇటు తిరిగారు కూడా. బోర్డు పోయింది కదా, ముక్కలు మళ్లీ మిగుల్చుకుంటాడేమో చూద్దామని ఒకరిద్దరు గుడ్డని ఇంట్లోనే కొలిచి తెచ్చారు. మిగిలింది మిగిలినట్టు చేతిలో పెడుతుంటే వాళ్లకి ఏమనాలో తోచేది కాదు.

ఇంట్లో మాత్రం తియర్మా చాలా రోజులు ముభావంగా ఉంది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అంది: “నాకు ముందురోజే ఎందుకు చెప్పలేదు?”

“నీ పుట్టిల్లు కదా.”

“అందుకే చెప్పాలి. మా అన్న చెవి నేను ఇంట్లోనే మెలిపెట్టేదాన్ని. ఊరు చూసేది కాదు.”

నిజం చెప్పడంలో ఆలస్యం చేసిన ఒక్క రాత్రి, బావగారి పరువుని బజారుకి ఈడ్చిందని మంగిహుత్‌కి అప్పటిదాకా తట్టనే లేదు.

పిల్లనిచ్చిన ఇంటివాళ్ల మనసు కష్టపెడితే వండుకుని వెళ్లి క్షమాపణ అడగాలి. తప్పు ఎవరిదన్న లెక్క అందులో లేదు. పంది మాంసం వండి, మర్యాదకి దాని మీద పంది తల పెట్టి, ఇద్దరూ మోసుకుంటూ సహాల ఇంటికి వెళ్లారు. ఒడ్డున పంజరాలు ఖాళీగా ఊగుతున్నాయి. సహాల చిక్కిపోయాడు. కూర్చోమనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. మంగిహుత్ తలవంచి, “ఆలస్యంగా చెప్పినందుకు క్షమించు బావా,” అన్నాడు. ‘చెప్పినందుకు’ అనలేదు. ఆ తేడా సహాలకి తెలిసింది. పళ్లెం దగ్గరికి జరుపుకుని చూశాడు.

“తాజాదేనా?” అన్నాడు చివరికి.

“ముందు నేను తింటాను,” అని మంగిహుత్ చెయ్యి చాచాడు.

“చాల్లే, కూర్చో,” అన్నాడు సహాల.

ముగ్గురూ తిన్నారు. వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లు దీవెనగా భార్యాభర్తలిద్దరి భుజాల మీదా కలిపి ఒక నేతగుడ్డ కప్పాలి. సహాల దాన్ని బీరువాలోంచి తీసి, చెల్లెలి ఒక్కదాని భుజాల మీదే కప్పాడు. ఇంటిదారిలో సరస్సు మీద నుంచి చలిగాలి తోలింది. తియర్మా ఆ గుడ్డ అంచు తీసి, నడుస్తూనే మొగుడి భుజం మీద కూడా వేసింది.